గోడ దిక్కు

మా ఇంట్లో కుడి, ఎడమ అనే మాటలు వినిపించేవి కావు. మగ్గం ఉన్న ఇంట్లో వాటితో పని పడదు. మా నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. బాపు మగ్గం గుంటలో కాళ్లు దించి కూర్చుంటే ఒక పక్క గోడ, ఇంకో పక్క వాకిలి. పోగు తెగితే "గోడ దిక్కు తెగింది" అనేవాడు. అంచు వదులైతే "వాకిలి దిక్కు జర గుంజు" అనేవాడు. పొద్దున అవ్వ నన్నూ తమ్ముణ్ణీ లేపేటప్పుడు కూడా "గోడ దిక్కు జరుగుండ్రి, ఊడ్వాలె" అనేది. చేతుల మాట వస్తే ఒకటి తినే చెయ్యి, రెండోది వట్టి చెయ్యి. అంతే.

బడిలో మాత్రం ఆ మాటలు తప్పలేదు. కవాతు చేయించే పంతులు "ఎడమ" అని అరవగానే నా కాళ్లు తడబడేవి. అందుకని ఒక ఉపాయం కనిపెట్టుకున్నాను. బాపు గుంటలో నేనే కూర్చున్నట్టు అనుకునేదాన్ని. గోడ ఎటుంటే అది ఎడమ. ఒక్కసారి కూడా తప్పు పోలేదు. ఆ ఉపాయం ఎవరికీ చెప్పలేదు. అసలు నేను ఎవరికీ ఏమీ చెప్పేదాన్ని కాదు. చెప్పాల్సినవన్నీ ఒక నోటుబుక్కులో రాసి, నూలు మూటల వెనక దాచేదాన్ని. బడిలో నేర్చిన పుస్తకాల తెలుగులో కాదు, ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాసేదాన్ని. ఎట్లాగూ ఎవరూ చదవరు కదా అని.

నేను మెట్రిక్ పాసైన ఏడాది వానలకు మా వెనక గది గోడ కూలింది. బాపు ముందు గదిలో కొత్త గుంట తవ్వి, వీధి తలుపు నుంచి వెలుతురు పడేటట్టు మగ్గాన్ని తిప్పి వేశాడు. ఇక్కడా ఒక పక్క గోడ, ఒక పక్క వాకిలి. మా మాటలు మారలేదు. బాపు మాత్రం కొన్నాళ్లు గొణిగాడు.

"పాత గుంటల మంచిగుండె. గిప్పుడు కండె తీయాలంటే తాడు ఇడవాలె."

గోడకున్న గూట్లో నూలు చుట్టిన కండెలు ఉంటాయి. పేక పోగును మోసే నాడెలో నూలు అయిపోయినప్పుడల్లా గూట్లోంచి ఒకటి తీసి పెట్టాలి. నాడెను అటూ ఇటూ పరిగెత్తించే తాడు ఆయన తినే చేతిలో ఉంటుంది. ఆ గొణుగుడు కూడా బుక్కులో రాశాను. ఎందుకు రాశానని అడిగితే చెప్పలేను. బాపు మాటలు రాయడం నాకు అలవాటు.

ఊళ్లో అప్పటికే సాంచాలు వచ్చాయి. కరెంటు మగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. "ఏందన్నా, ఇంకా గుంటలనే కూసుంటవా?" అని దోస్తులు ఎగతాళి చేస్తే బాపు ఒకటే జవాబు చెప్పేవాడు. "నీ సాంచ మొత్తుకుంటది. నా మగ్గం మాట్లాడుతది."

ఒక మధ్యాహ్నం ఆ మగ్గం మాట ఆగింది. అవ్వ పెరట్లో రాట్నం ముందు ఉంది. నేను గడప పక్కన కూర్చుని గ్రంథాలయం నుంచి తెచ్చిన నవల చదువుతున్నాను. తలెత్తి చూశాను. బాపు మెడ తిప్పి గోడ దిక్కు చూస్తున్నాడు. కండె కోసం అనుకున్నాను. పేజీలో సగం మిగిలి ఉంది. మళ్లీ తల దించుకున్నాను. ఆయన గోడ దిక్కు చెయ్యి మెల్లగా పైకి లేవడం కంటికొసన కనిపించింది. అదీ కండె కోసమే అనుకున్నాను. పేజీ తిప్పుతుంటే దబ్బున చప్పుడైంది. బాపు గుంటలో ఒరిగిపోయి ఉన్నాడు. పళ్లు బిగుసుకున్నాయి. ఒళ్లంతా కొట్టుకుంటోంది.

అవ్వ ఉరికొచ్చింది. ఇనుప తాళం చెవులు తెచ్చి ఆయన పిడికిట్లో పెట్టింది. చాలాసేపటికి బాపు కళ్లు తెరిచి మా ముఖాలు చూశాడు.

"ఏమైంది? ఎందుకేడుస్తుండ్రు?"

ఆయనకు ఏమీ యాదికి లేదు. మగ్గం మీద కూర్చోవడం ఒక్కటే తెలుసు.

ఆ రోజు బుక్కులో రాసింది ఇప్పటికీ నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "బాపు గోడ దిక్కు చూసిండు. గోడ దిక్కు చెయ్యి లేసింది. నేను చూసిన. సగం పేజీ ఉండె. చదివినంకనే లేచిన."

ఆ తర్వాత నేను మగ్గం ఉన్న గదిని వదల్లేదు. నవల చేతిలో ఉండేది గానీ చదవలేకపోయేదాన్ని. చప్పుడు ఒక్క క్షణం ఆగితే చాలు, తలెత్తేదాన్ని. నూలు ముడి వేయడానికి ఆగాడా, చెమట తుడుచుకోవడానికి ఆగాడా అని చూసేదాన్ని. ఆ కొద్ది నెలల్లో ఇంకో మూడుసార్లు మూర్ఛ వచ్చింది. ప్రతిసారీ అట్లాగే. మొదట మెడ గోడ దిక్కు తిరిగేది. తర్వాత చెయ్యి లేచేది. తర్వాత పడిపోయేవాడు. ఎంతసేపు ఉందో నేను అంకెలు లెక్కపెట్టి రాసేదాన్ని. ఎవరో దయ్యమన్నారు. అవ్వ ధర్మపురి నరసింహస్వామికి మొక్కింది. కరీంనగర్ డాక్టరు తలకు ఎక్స్‌రే తీయించి, ఎముకలో ఏమీ లేదనీ, పట్నం పెద్దాసుపత్రిలో తలకు ఆపరేషన్లు చేసే డాక్టరు ఉన్నాడనీ చీటీ రాసిచ్చాడు.

తమ్ముణ్ణి చిన్నమ్మ ఇంట్లో వదిలి ముగ్గురం హైదరాబాదు బస్సెక్కాము. నోటుబుక్కు నా సంచిలో, చీరల అడుగున పెట్టుకున్నాను.

ఆ పెద్ద డాక్టరు కోస్తా మనిషి. నెమ్మదస్తుడు. చిన్న సుత్తితో బాపు మోకాళ్లూ మోచేతులూ తట్టాడు. కళ్లలోకి దీపం వేసి చూశాడు. వేళ్లు గట్టిగా పట్టుకోమన్నాడు. చుట్టూ వైద్యం చదివే పిల్లలు ఆరుగురో ఏడుగురో నిలబడ్డారు. ఏ పక్కా తేడా దొరకలేదు.

"మూర్ఛ మొదలయ్యేటప్పుడు ఏమవుతుందో చెప్పగలరా?"

"నాకేం ఎరుక సారూ. మగ్గం మీద ఉంట. కండ్లు తెరిస్తే కింద ఉంట. నడుమ జరిగింది గీళ్లనడుగుండ్రి."

అవ్వ నా భుజం పట్టి ముందుకు నెట్టింది. "గీ పొల్ల చూసింది సారూ. అన్నీ బుక్కుల రాసుకుంటది. నోట్లకెల్లి మాట రాదు గని, చెయ్యి మాత్రం ఆగది."

పిల్లలు నవ్వారు. డాక్టరు నవ్వలేదు. "ఆ పుస్తకం ఉందా అమ్మా? ఇలా ఇవ్వు."

సగం పేజీ సంగతి అందులో ఉంది. ఇంకా ఏవేవో ఉన్నాయి. "అక్షరాలు మంచిగ లేవు. సాఫ్‌గా రాసిస్త" అన్నాను. రేపు పొద్దునకు కావాలన్నాడు.

ఆ సాయంత్రం వార్డు కిటికీ దగ్గర కూర్చుని తెల్ల కాగితం మీద ఎత్తి రాశాను. పెద్దవాళ్లు చదివేది కాబట్టి పుస్తకాల తెలుగులో రాశాను. "గోడ దిక్కు" అని రాస్తే నవ్వుతారు. "తల ఎడమకు తిరిగెను. ఎడమ చెయ్యి పైకి లేచెను" అని రాశాను. నాలుగుసార్లూ అట్లాగే రాశాను. సగం పేజీ మాట వదిలేశాను. అవ్వ వచ్చి, "ఏందే, ఆ సారుకు ఉత్తరమా?" అని వేళాకోళం చేసింది.

మర్నాడు డాక్టరు ఆ కాగితాన్ని పిల్లలకు చూపించాడు. "చూడండి. చూసింది చూసినట్టు రాసింది. ఇంత శుభ్రంగా మీరు కూడా రాయరు." తర్వాత వాళ్లకు చెప్పాడు. మెదడులో ఒకచోట ఏదో గుచ్చుతుంటే తల దానికి ఎదురు పక్కకు తిరుగుతుంది. తల ఎడమకు తిరిగితే వెతకాల్సింది కుడి పక్కన. నా చెవులు వేడెక్కాయి. పొగిడితే అంత హాయిగా ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు.

ఆ వారమే పరీక్ష చేశారు. మెడలో కుడి పక్క కొట్టుకునే పెద్ద నరంలోకి సూది గుచ్చి రంగు మందు ఎక్కిస్తారు. అది తలలోకి పాకుతుండగా ఎక్స్‌రే ప్లేట్లు తీస్తారు. బాపు తిరిగి వచ్చేసరికి మెడ వాచి ఉంది. గుటక వేయలేకపోతున్నాడు.

"కంటెనక నిప్పు పోసినట్టయింది" అన్నాడు. అని, నా ముఖం చూసి, "పోయింది లే" అన్నాడు.

ప్లేటు మీద రక్తనాళాలు తెల్లగా కనిపించాయి. ఎండాకాలం మానేరు ఎండినప్పుడు ఇసుకలో మిగిలే పాయల్లాగా ఉన్నాయి. డాక్టరు వాటిని చాలాసేపు చూశాడు. అన్నీ ఉండాల్సిన చోటనే ఉన్నాయి. ఏదీ పక్కకు తోసుకుపోలేదు.

"కుడి పక్కన ఏమీ లేదు. సోమవారం గాలి పరీక్ష చేద్దాం. వెన్నులోంచి నీరు తీసి ఆ మేరకు గాలి పంపిస్తాం. ఆ గాలి తలలో ఖాళీలన్నీ చూపిస్తుంది. తలనొప్పి, వాంతులు రెండు మూడు రోజులుంటాయి. లోపల ఒత్తిడి ఉంటే కొంచెం ప్రమాదం కూడా. ఆలోచించుకోండి."

ఆ పరీక్ష అంటే ఏమిటో మా పక్క మంచం చూస్తేనే తెలిసిపోయింది. శ్రీరాంపూర్ బొగ్గు బావిలో పనిచేసే మనిషికి రెండు రోజుల ముందే అది చేశారు. తల కదిలిస్తే చాలు, మూలిగేవాడు. బాపు అడిగితే కళ్లు మూసుకునే చెప్పాడు. "నీళ్లు తీసి గాలి నింపుతరన్నా. ఫుట్‌బాల్ లెక్క. తన్నేటోడే తక్కువ."

అవ్వ ఇంటికి పోదామంది. "మాత్రలిస్తే ఏసుకుంట ఉండొచ్చు. గీ సూదులొద్దు, గీ గాలొద్దు."

"మగ్గానికి ఎత్తిన బట్ట నడుమ కోస్తమా?" అన్నాడు బాపు. "తేలనీ."

శనివారం మధ్యాహ్నం నర్సు నన్ను ఎక్స్‌రే గదికి పంపింది, బాపు ప్లేట్లు వార్డుకు తెమ్మని. అక్కడ ప్లేట్లు తీసే ఒక ముసలాయన ఉన్నాడు. తెల్ల గడ్డం, టోపీ. నేను నోరు తెరవగానే, "కరీంనగర్ దిక్కు పొల్లవా? మాది హుజూరాబాద్ బేటీ" అని స్టూలు జరిపాడు. ప్లేట్లు వెతుకుతూ ఒకటి వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"ఎవలి తలకాయైనా గిట్ల చూస్తె ఒక్క తీరే ఉంటది. గీ మూలకు అక్షరం చూడు. సీసంతోని చేసింది. కుడిదిక్కు తీస్తె కుడి అక్షరం, ఎడమదిక్కు తీస్తె ఎడమ అక్షరం పెడ్త. పెట్టుడు మర్సిపోతె ఖతం. ప్లేటును ఉల్టా పట్టుకున్నా సీదా అనుకుంటరు. కుడి ఎడమైతది. ముప్పై ఏండ్ల సంది నాకదొక్కటే ఫికర్."

నేను ప్లేట్లు ఛాతీకి హత్తుకుని బయటికి వచ్చాను. నాలుగడుగులు వేశాను. కాళ్లు ఆగిపోయాయి.

నా కాగితం మూలకు ఏ అక్షరమూ లేదు. గోడ అంటే ఎడమ అని రాశాను. ఏ గోడ?

ఆసుపత్రి వరండాకు ఎత్తైన మెట్లున్నాయి. పై మెట్టు మీద కూర్చుని కాళ్లు కిందికి దించాను, గుంటలో దించినట్టు. ప్లేట్లు ఒళ్లో పెట్టుకున్నాను. కళ్లు మూసుకుంటే పాత గదే వచ్చింది. చిన్నప్పటి నుంచి చూసిన గది అదే కాబట్టి గోడ టక్కున ఎడమ పక్కకు వచ్చి నిలబడింది. దాన్ని బలవంతంగా కూల్చాను. ముందు గదిని తెచ్చుకున్నాను. వీధి తలుపు ఎటుంది? వెలుతురు ఎటు నుంచి పడుతుంది? రెండు గదులూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అప్పుడు బాపు గొణుగుడు వినిపించింది. గిప్పుడు కండె తీయాలంటే తాడు ఇడవాలె. తాడు ఉండేది తినే చేతిలో. పాత గుంటలో వట్టి చేత్తో కండె తీసేవాడు, తాడు వదలకుండా. కొత్త గుంటలో తాడు వదలాలి. అంటే గూడు తినే చేతి పక్కన ఉంది. గోడ తినే చేతి పక్కన ఉంది.

నేను కళ్లు మూసుకునే చెయ్యి చాపాను. కుడి చెయ్యి. మెట్లెక్కుతున్న ఒకామె నన్ను చూసి ఆగి, చుట్టూ తిరిగి వెళ్లింది.

నాలుగుసార్లూ బాపు కొత్త గుంటలోనే పడ్డాడు. నాలుగుసార్లూ తల కుడికి తిరిగింది. వాళ్లు సూది గుచ్చింది తప్పు పక్కన. ఆ వాచిన మెడ నా సాఫ్ కాపీ వల్ల.

ఆదివారం పెద్ద డాక్టరు రాలేదు. నేను నాలుగుసార్లు నర్సు బల్ల దాకా వెళ్లాను. "ఏం కావాలి?" అని ఆమె అడిగితే మంచినీళ్లని ఒకసారి, టైమెంతని ఒకసారి అన్నాను. చిన్న డాక్టరు వస్తే వెనకాలే వార్డు చివరి దాకా నడిచాను. ఆయన వెనక్కి తిరిగేసరికి నేను కిటికీలోంచి చూస్తున్నాను. చెప్తే బుక్కు అడుగుతారు. బుక్కు ఇస్తే సగం పేజీ చదువుతారు. చెప్పకపోతే బాపు తలలోకి గాలి పంపిస్తారు. ఈ మూడూ నాలో రాట్నంలా తిరిగాయి. అవ్వ చూసి చూసి, "కాళ్ల కింద నిప్పులున్నయా పొల్లా? ఒక్కకాడ కూసో" అని కసిరింది. కూర్చున్నాను. మళ్లీ లేచాను.

సోమవారం పొద్దున తోపుడు బండి వచ్చింది. బాపును దాని మీదికి ఎక్కించారు. డాక్టరు పిల్లలతో కలిసి వార్డులోకి వచ్చాడు. బండి కదిలింది. నేను వెళ్లి దాని ముందు నిలబడ్డాను. తోసేవాడు "జరగమ్మా" అన్నాడు. జరగలేదు.

"సార్" అన్నాను. "అది ఎడమ కాదు."

"ఏది కాదు?"

సంచిలోంచి బుక్కు తీసి, ఆ పేజీ దగ్గర తెరిచి ఇచ్చాను. డాక్టరు కళ్లద్దాలు పెట్టుకుని పైకే చదివాడు. పిల్లలకు వినిపించేటట్టు చదవడం ఆయన అలవాటు.

"బాపు గోడ దిక్కు చూసిండు. గోడ దిక్కు చెయ్యి లేసింది. నేను చూసిన. సగం పేజీ ఉండె. చదివినంకనే లేచిన."

నేను నేల వంక చూస్తున్నాను. గచ్చులో ఒక పగులు ఉంది. అది మంచం కోడు దాకా వెళ్లి ఆగింది.

"గోడ దిక్కంటే?" అన్నాడు డాక్టరు.

అవ్వ అందుకుంది. "మగ్గం కాడ గోడ సారూ! మెతుకు తిన్నంత సులువు. గుంటల కూసుంటే గోడ గిటుంటది" అని కుడి చెయ్యి చాపింది. నా దిక్కు తిరిగి, "ఎడమ అని రాసినవా? నీ సదువు మన్నుబడ" అంది.

బండి మీది నుంచి బాపు మెడ పట్టుకుని తలెత్తాడు. "గోడ నా తినే చేతి దిక్కు ఉంటది. ఎవలన్న నన్నడిగితే చెప్తుంటి గద! అందరు దాన్నే అడుగుతిరి."

పిల్లల్లో ఒకడు నవ్వాపుకోలేకపోయాడు. డాక్టరు వాడి వైపు చూశాడు. ఆ చూపుకు నవ్వు ఆగింది. ఆయన బుక్కులో తక్కిన మూడు చోట్లు కూడా వెతికి చదివాడు. ఈసారి మనసులో చదువుకున్నాడు. బుక్కు మూసి నాకిచ్చాడు.

"గాలి పరీక్ష వద్దు. బండి వెనక్కి తిప్పండి." ఒక్కడుగు వేసి ఆగాడు. "ముందే ఈ పుస్తకం ఇచ్చి ఉంటే, గోడ అంటే ఏమిటని నేను అడిగేవాణ్ని కదమ్మా."

అంతకన్నా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మెడ వాపు తగ్గాక రెండో పక్క సూది గుచ్చారు. అది నా వల్ల పడ్డ అదనపు సూది. తెచ్చాక బాపు మాట్లాడలేక మంచం మీద పడుకున్నాడు. రెండు పక్కలా మెడ కమిలి ఉంది. నేను తడిగుడ్డ వేస్తుంటే కళ్లు తెరిచాడు.

"ఏం బుక్కు బిడ్డా అది?"

అడిగేది ఆ రోజు నేను చదువుతున్న నవల గురించని అర్థమైంది. గుడ్డ మళ్లీ తడిపాను.

"మంచిగుండెనా?"

"ఆ" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

"గంత మంచిగుంటే ఇంటికి పోయినంక నాకు సదివి పెట్టు."

ఈసారి ప్లేటు మీద కనిపించింది. వెలుగుతున్న అద్దం పెట్టె మీద డాక్టరు రెండు ప్లేట్లు పక్కపక్కన పెట్టి నన్ను పిలిచాడు. ఒకటి ముఖానికి ఎదురుగా తీసింది. ఒకటి పక్క నుంచి తీసింది. ముందు భాగంలో, పైన, పాయలు వంగి దేన్నో చుట్టుకుపోయాయి. ఆ మధ్యలో తడి బట్ట మీద సిరా చుక్క పడ్డట్టు గుండ్రటి మచ్చ ఉంది. నిమ్మకాయంత కూడా ఉండదు. దాదాపు పైపైనే ఉందట. మెదడు లోపలిది కాదు, దాని మీది పొరకు అంటుకుని పెరిగినట్టుందట. తీయడానికి వీలైన రకం కావచ్చన్నాడు.

"ఒక్క ప్లేటు చూస్తే ఎంత ఎత్తున ఉందో తెలుస్తుంది, ఎంత లోతున ఉందో తెలియదు. రెండూ కలిపితేనే చోటు దొరుకుతుంది" అన్నాడు.

నేను వచ్చి బాపుకు చెప్పాను. ఆయనకు నాకన్నా తొందరగా అర్థమైంది. "పడుగు పోగొకటి, పేక పోగొకటి. రెండు కలిసిన కాడ" అన్నాడు.

ఆపరేషన్ ముందు రోజు తల గొరిగారు. డాక్టరు టేపుతో ముక్కు మొదలు నుంచి వెనక తల దాకా కొలిచి ఊదారంగు సిరాతో గీతలు గీశాడు. మచ్చ ఉంటుందనుకున్న చోట ఒక సీసపు గుండును అంటించి మళ్లీ ప్లేటు తీయించాడు. గుండు మచ్చకు వేలెడు వెనక పడింది. దాన్ని ముందుకు జరిపి ఇంకో ప్లేటు తీశారు. ఈసారి గుండు సరిగ్గా మచ్చ మీద కూర్చుంది. అక్కడ చర్మం మీద గీత పెట్టాడు.

"ఏం చేస్తుండ్రు సారూ నా నెత్తి మీద?"

"తప్పు చోట తెరవకుండా గుర్తు పెడుతున్నాను."

"మేం గూడ గంతే. పోగు పోయిన కాడ ఎర్ర నూలు కడ్తం."

డాక్టరు నవ్వాడు. తర్వాత పిల్లలందరూ చూస్తుండగా, "మీరు తినే చెయ్యి ఎత్తండి" అన్నాడు. బాపు ఎత్తాడు. ఆ చేతికి ఎదురు పక్క తలమీద సిరాతో పెద్ద అక్షరం రాశాడు. రాసి, ఒకసారి నా దిక్కు చూశాడు. నేను తలూపాను. ఆ తలూపడానికి నాకెంత భయమేసిందో చెప్పలేను. ఆ మధ్యాహ్నమంతా నేను మెట్ల మీదికి వెళ్లి కాళ్లు దించి కూర్చోవడం, చెయ్యి చాపి చూసుకోవడం, లేచి రావడం, మళ్లీ వెళ్లడం. ఎన్నిసార్లు చూసినా గోడ కుడి పక్కనే ఉంది. అయినా మళ్లీ వెళ్లాను.

ఆపరేషన్‌కు పొద్దున తీసుకుపోయి పొద్దు వాలాక తెచ్చారు. గడ్డ ఉండాల్సిన చోటనే ఉందనీ, మొత్తం వచ్చేసిందనీ డాక్టరు చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన ముక్కు మీద ముసుగు కట్టిన గీత ఎర్రగా ఉంది. బాపుకు నాలుగైదు వారాలు మాటలు తొందరగా దొరికేవి కావు. చెంబు అనబోయి ఆగి, వేలితో చూపేవాడు. తినే చెయ్యి బరువుగా ఉండేది. ముద్ద నోటిదాకా వచ్చి జారేది. అవ్వ తినిపించబోతే వట్టి చేత్తో ఆమెను తోసేసేవాడు.

ఇంటికి వచ్చాక మూడో నెలలో మళ్లీ గుంటలో కాళ్లు దించాడు. తాడు మెల్లగా లాగుతాడు. నాలుగు దినాల బట్ట ఇప్పుడు వారం పడుతుంది. దోస్తులు వచ్చి, "సాంచకు రా అన్నా, దానికి చెయ్యి పని లేదు" అంటే, మగ్గం మాట్లాడుతుందన్న పాత జవాబే చెబుతాడు. మాట కూడా మగ్గంలాగానే ఆగి ఆగి వస్తుంది. మూర్ఛ మళ్లీ రాలేదు. మాత్రలు మాత్రం వేసుకోవాలి.

గ్రంథాలయం నుంచి ఆ నవల మళ్లీ తెచ్చాను. మధ్యాహ్నం గడప పక్కన కూర్చుని పైకి చదువుతాను. ఆ సగం పేజీ వచ్చిన రోజు ఇంకా మెల్లగా చదివాను. బాపుకు తెలియదు, అదే పేజీ అని. ఆయన నేతను ఆపకుండా వింటున్నాడు. చివరి నాలుగు వరుసలున్నాయనగా మగ్గం చప్పుడు ఆగింది.

తలెత్తాను. బాపు గోడ దిక్కు చూస్తున్నాడు. ఆయన చెయ్యి లేచింది.

పుస్తకం ఎక్కడ పడిందో తెలియదు. నేను గుంట దగ్గర ఉన్నాను. రెండు చేతులతో ఆయన భుజాలు పట్టుకున్నాను.

బాపు నా ముఖంలోకి చూశాడు. ఆయన చెయ్యి గూట్లో ఉంది.

"కండె తీస్తున్న బిడ్డా" అన్నాడు. "పో. పేజీ సదువు."